లారీ ప్రమాదాలు – నష్టపరిహారము: ఒక హక్కు నడిచి వచ్చిన దారి



చరిత్ర అంటే రాజులు, కోటలు, యుద్ధాలు మాత్రమేనని మన పిల్లలు అనుకుంటారు. కుతుబ్‌షాహీ సుల్తానుల పేర్లు వరుసగా అప్పజెప్పగలరు గాని, రేపు మన ఇంటికే అవసరం పడగల ఒక హక్కు ఎక్కడ పుట్టింది, ఎన్ని మలుపులు తిరిగి మన దాకా వచ్చింది అని అడిగితే పిల్లలేమిటి, పెద్దలమైన మనమే జవాబు చెప్పలేము. లారీ గుద్ది మనిషి చనిపోతే అతని కుటుంబానికి, కాలో చెయ్యో పోతే ఆ మనిషికి రావలసిన నష్టపరిహారం అట్టి హక్కు. దాని చరిత్రను ఈ వ్యాసంలో చెప్పబోతున్నాము.

విషయం మన పేటకు దూరమైనది కాదు. భోయిగూడ కలప డిపోలకు, రాణిగంజ్ దుకాణాలకు సరుకు తెచ్చే లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. 2003లో గాంధీ ఆసుపత్రి స్టేషన్ దగ్గరి పాత భవనాల నుంచి ముషీరాబాద్ పాత జైలు స్థలానికి వచ్చింది. అప్పటి నుంచి దెబ్బలు తగిలినవారిని తెచ్చే ఆంబులెన్సుల చప్పుడు పద్మారావు నగర్‌కు అలవాటైపోయింది. మన బిరాదరీలో లారీ డ్రైవర్లు, క్లీనర్లు, హమాలీలు, మెకానిక్కులు, తోపుడుబండి వ్యాపారులు ఎందరో ఉన్నారు. లారీ నడిపేవారిలోనూ మనవాళ్ళున్నారు, లారీ కింద పడేవారిలోనూ మనవాళ్ళున్నారు.

దియత్ నుంచి దావా దాకా

పొరపాటున ఒకరి ప్రాణం పోతే మృతుని కుటుంబానికి దియత్ చెల్లించవలెనని ఖుర్ఆన్‌లోని సూరా అన్నిసా ఆదేశిస్తున్నది. ఆ భారమంతా ఒక్కని నెత్తిన పడకుండా అతని 'ఆఖిలా', అనగా అతని వెనుక నిలబడే బంధువర్గం, పంచుకొని చెల్లించే పద్ధతిని ఫిఖహ్ పండితులు వివరించారు. ఇందులో రెండు సంగతులు గమనించాలి. మొదటిది, చంపాలనే ఉద్దేశం లేకపోయినా నష్టం నష్టమే. రెండవది, ఆ సొమ్ము నిజంగా చేతికి అందాలంటే తప్పు చేసినవాని వెనుక ఒక సమూహం ఉండాలి. నేటి థర్డ్ పార్టీ బీమాలో ఉన్న ఆలోచనకు ఇది చాలా దగ్గరిది. బీమా విషయంలో షరీఅత్ తీర్పు చెప్పడం ఉలమాల పని, మా పని కాదు. పోలికను మాత్రమే చూపుతున్నాము.

ఈస్టిండియా కంపెనీవారు బెంగాలులో మొదట ముస్లిం శిక్షాస్మృతినే నడిపించారు. 1790లో కారన్‌వాలిస్ సర్కారు హత్య కేసులలో వారసుల ఇష్టాయిష్టాలకు విలువ లేకుండా చేసింది. 1862 జనవరి 1 నుంచి అమలైన ఇండియన్ పీనల్ కోడ్‌లో దియత్‌కు చోటే లేదు. నేరానికి జైలు, లేదా జరిమానా. ఆ జరిమానా వెళ్ళేది సర్కారు ఖజానాకు.

మరి సివిల్ దావా వేయవచ్చు గదా అంటారేమో. ఆనాటి ఇంగ్లీషు న్యాయసూత్రం ప్రకారం మనిషితోపాటే అతని దావా కూడా చచ్చిపోతుంది. కాలు విరిగి బ్రతికినవాడు దావా వేయగలడు. ప్రాణమే పోయినవాని భార్య వేయలేదు. అంటే గాయపరచడం కంటే చంపడమే చౌక! రైళ్ళు వచ్చి ప్రమాదాలు పెరిగాక ఇంగ్లండులో 1846లో లార్డ్ కాంప్‌బెల్ చట్టం ఈ అన్యాయాన్ని సరిదిద్దింది. మన దేశంలో 1855లో ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ వచ్చింది. మృతుని భార్య లేక భర్త, తల్లిదండ్రులు, పిల్లలు నష్టం కోరవచ్చునని ఆ చట్టం చెప్పింది. తోబుట్టువుల మాట అందులో లేదు.

మోటారు చట్టం – ట్రిబ్యునళ్ళు

1923లో వర్కుమెన్ కాంపెన్సేషన్ చట్టం వచ్చింది. పనిలో ఉండగా దెబ్బ తగిలిన కార్మికునికి యజమాని తప్పు ఉన్నదా లేదా అని చూడకుండానే పరిహారం ఇవ్వాలన్నది దాని సారాంశం. లారీ డ్రైవరుకు, క్లీనరుకు ఈ చట్టం 2025 వరకు ఆధారంగా ఉన్నది. చివరి సంవత్సరాలలో దానిని ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టమన్నారు.

రోడ్డున పోయేవారి కోసం 1939లో మోటారు వాహనాల చట్టం చేశారు. కాని బండికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అనే అధ్యాయం 1946 జూలై 1న గాని అమలు కాలేదు. బీమా ఉన్నా దానికి ఒక హద్దు పెట్టారు. సరుకు లారీ విషయంలో బీమా కంపెనీ బాధ్యత మొదట 20 వేల రూపాయలు, 1969 సవరణతో 50 వేలు, 1982 సవరణతో లక్షా 50 వేలు. కోర్టు అంతకు మించి ఇప్పిస్తే మిగిలినది లారీ యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి. యజమాని ఆస్తి అంతా ఆ ఒక్క పాత లారీయే అయితే ఏమి వసూలు చేస్తారు? 1989 జూలై 1న అమలైన 1988 నాటి కొత్త చట్టంలో గాని థర్డ్ పార్టీ మరణానికి, గాయాలకు ఈ హద్దు పోలేదు.

ఇంకొక అడ్డంకి కోర్టు ఫీజు. 1956 వరకు బాధితులు మామూలు సివిల్ కోర్టుకే పోవాలి. కోరిన మొత్తాన్ని బట్టి స్టాంపు కట్టాలి. సంపాదించే మనిషిని పోగొట్టుకున్న ఇల్లాలు ఆ డబ్బు ఎక్కడ తెస్తుంది? ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఆ 1956లోనే పార్లమెంటు చట్టాన్ని సవరించి మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునళ్ళకు దారి తీసింది. మన నగరంలో సిటీ సివిల్ కోర్టు చీఫ్ జడ్జిగారే ఆ ట్రిబ్యునల్‌కు ఛైర్మన్. 1979లో హర్యానా ప్రభుత్వం దాఖలు చేసిన ఒక కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, ప్రమాద బాధితుల పేదరికం న్యాయానికి అడ్డు కారాదని, పేదల నుంచి కోర్టు ఫీజు పట్టుబట్టి వసూలు చేయడం తగదని గట్టిగా చెప్పారు.

తప్పు ఎవరిది?

ఫీజు చిక్కు తీరింది గాని రుజువు చిక్కు మిగిలింది. డ్రైవరు నిర్లక్ష్యాన్ని బాధితుడే నిరూపించాలి. అర్ధరాత్రి రహదారి మీద సాక్షి ఎక్కడ దొరుకుతాడు? 1977లో సుప్రీంకోర్టు నిర్లక్ష్యం రుజువు కానిదే పరిహారం లేదని చెప్పడంతో ఈ బరువు మరింత తెలిసివచ్చింది. 1980లో తమిళనాడు నుంచి వచ్చిన ఒక బస్సు కేసులో కొంత ఊరట దొరికింది. క్రిమినల్ కోర్టు డ్రైవరును విడిచిపెట్టినంత మాత్రాన పరిహారం పోదని, రెండు కోర్టుల కొలతలు వేరని సుప్రీంకోర్టు తేల్చింది. ఈ ముక్క మన కుటుంబాలు బాగా గుర్తు పెట్టుకోవాలి. "డ్రైవరు మీద కేసు కొట్టేశారు, ఇంకేమి వస్తుంది?" అని చేతులు దులుపుకొన్నవారిని మేము చూశాము.

1982 అక్టోబరు నుంచి తప్పుతో సంబంధం లేని పరిహారం మొదలైంది: మరణానికి 15 వేలు, శాశ్వత వైకల్యానికి 7,500. గుద్ది పారిపోయిన బండి దొరకకపోతే మరణానికి 5 వేలు, తీవ్ర గాయానికి వెయ్యి రూపాయలు ఇచ్చే ఏర్పాటూ అప్పుడే వచ్చింది. మొత్తాలు చిన్నవే. అయినా, చేసినవాడు దొరకకపోయినా సమాజం ఊరుకోరాదనే మాట మొదటిసారి చట్టంలోకి ఎక్కింది.

లారీకి ప్రత్యేకమైన ముడులు

కారు ప్రమాదం కంటే లారీ ప్రమాదంలో చిక్కులు ఎక్కువ. బండి ఒకరి పేరున, నడిపేది ఒకరు, సరుకు ఇంకొకరిది, పర్మిట్ ఒక రాష్ట్రానిది, ప్రమాదం మరొక రాష్ట్రంలో. ఒక్కొక్క ముడిని కోర్టులు ఎట్లా విప్పుతూ వచ్చాయో చూద్దాము.

మొదటిది లైసెన్సు. 1987 నాటి స్కాండియా ఇన్సూరెన్స్ కంపెనీ కేసులో లారీ డ్రైవరు బండిని క్లీనరుకు వదిలి దిగిపోయాడు. లైసెన్సు లేని క్లీనరు దాన్ని నడిపి ప్రమాదం చేశాడు. యజమాని లైసెన్సున్న డ్రైవరునే పెట్టుకున్నాడు, తన వంతు జాగ్రత్త తీసుకున్నాడు. కాబట్టి కంపెనీ తప్పించుకోలేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2004లో స్వరణ్ సింగ్ కేసు తీర్పు ఇంకొక మెట్టు ఎక్కింది. లైసెన్సు లోపం ఉన్న కేసుల్లో సైతం కంపెనీ ముందు బాధితునికి చెల్లించి, తరువాత యజమాని నుంచి రాబట్టుకొనేట్లు ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. 2018లో పర్మిట్ లేని ఒక లారీ విషయంలోనూ ఇదే దారి అనుసరించారు.

రెండవది లారీ ఎక్కి ప్రయాణించేవారు. ఇది మనవాళ్ళకు చాలా ముఖ్యం. బస్సు దొరకక, లేదా చార్జీ మిగులుతుందని, పెళ్ళికో ఉర్సుకో సరుకు లారీ మీద పోయే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. 1999లో సుప్రీంకోర్టు ఇట్టివారికీ బీమా వర్తిస్తుందన్నది. 2002 డిసెంబరులో పెద్ద ధర్మాసనం దానిని కొట్టివేసింది. 1994 సవరణ సరుకు యజమానికి, అతని ప్రతినిధికి మాత్రమే రక్షణ ఇచ్చిందని, ఊరికే ఎక్కినవారికి ఇవ్వలేదని చెప్పింది. 2007లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన అప్పీళ్ళలో, సరుకు యజమాని అయినా క్యాబిన్‌లో కూర్చోవాలి గాని సరుకు మీద కాదని స్పష్టం చేసింది. కాబట్టి సోదరులారా, లోడు మీద కూర్చున్నవాడు ప్రాణంతోపాటు పిల్లల హక్కును కూడా పందెం కాస్తున్నాడన్నమాట.

మూడవది యజమాని ఎవరన్నది. లారీ నాలుగు చేతులు మారినా కాగితాల మీద పేరు మారదు. అడిగితే ప్రతివాడు "నేను ఎప్పుడో అమ్మేశాను" అంటాడు. ఆర్.సి.లో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బాధితుడు చేతులు మారిన వరుసంతా వెతుక్కోనక్కరలేదు. లారీలు కొని అమ్మే మన సోదరులకు కూడా ఇందులో హెచ్చరిక ఉన్నది. అమ్మిన రోజే ఆర్.టి.ఓ. కాగితం మార్చుకోండి.

నాలుగవది ఏ ఊరి కోర్టు అన్నది. పూర్వం ప్రమాదం జరిగిన చోటనే క్లెయిము వేయాలి. 1994 సవరణ తరువాత బాధితుడు తాను నివసించే చోట కూడా వేయవచ్చు. లారీ రాజస్థాన్‌ది, ప్రమాదం నాగ్‌పూర్ రోడ్డు మీద, బాధితుడు వారాసిగూడ నివాసి అయితే కేసు ఇక్కడే నడుస్తుంది.

అయిదవది లారీలో పనిచేసేవారి సంగతి. డ్రైవరు, క్లీనరు కార్మికుల పరిహార చట్టం కింద పోవచ్చు, లేదా మోటారు చట్టం కింద పోవచ్చు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి, రెండూ తీసుకోరాదు. తప్పు తన డ్రైవింగులోనే ఉన్నవానికి మొదటి దారే మేలు. ఎంచుకునే ముందు మంచి వకీలును అడగాలి.

లెక్క ఎట్లా కడతారు?

పరిహారం జడ్జిగారి దయ కాదు, దానికి లెక్క ఉన్నది. 1980లలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాధరావుగారు మృతుని వయస్సును బట్టి ఎన్ని సంవత్సరాల ఆదాయం కట్టాలో పట్టికతో సహా చెప్పిన తీర్పులను మన ట్రిబ్యునళ్ళు చాలా కాలం అనుసరించాయి. 2009లో సరళా వర్మ కేసు, 2017లో ప్రణయ్ సేఠీ కేసు తీర్పులతో దేశమంతటికీ ఒకే పద్ధతి వచ్చింది.

ఉదాహరణ చూడండి. నెలకు 15 వేలు సంపాదించే 32 ఏళ్ళ పళ్ళ వ్యాపారి లారీ కింద పడి చనిపోయాడనుకుందాము. భార్య, ముగ్గురు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడినవారు. 40 ఏళ్ళ లోపు సొంత పని చేసుకొనేవాడు గనుక ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు: 21 వేలు. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసివేస్తారు: 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయస్సుకు గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. దహన, ఖనన ఖర్చులు, ఆస్తి నష్టం, భార్యాపిల్లలు పోగొట్టుకున్న తోడు కింద వచ్చేవి వేరు.

గాయాల కేసులో సొంత ఖర్చు తీసివేయరు. చూడవలసినది శరీరంలో ఎన్ని శాతం పోయింది అని కాదు, సంపాదనలో ఎన్ని శాతం పోయింది అని. ఈ తేడాను 2010లో సుప్రీంకోర్టు విడమరచి చెప్పింది. చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం నిలుస్తుంది. చెయ్యి పోయిన డ్రైవరుకు, వడ్రంగికి బ్రతుకుతెరువే పోతుంది. 2014లో కర్ణాటక కూరగాయల వ్యాపారి ఒకరి కేసులో, అట్టివారిని ఆదాయానికి కాగితం తెమ్మనడం సబబు కాదన్నది. అడిగిన దానికంటే ఎక్కువ న్యాయమని తోస్తే ట్రిబ్యునల్ ఎక్కువ కూడా ఇవ్వగలదు.

రాజీనామా కాగితం

ఇంత చరిత్ర ఉన్న హక్కు ఎక్కడ పోతున్నది? కోర్టులో కాదు, ఆసుపత్రి వరండాలో పోతున్నది.

మాకు తెలిసిన ఒక హమాలీ లారీ గుద్ది చనిపోయాడు. మయ్యత్ లేచిన మూడో రోజున లారీ యజమాని తరఫున మనుషులు వచ్చి 40 వేలు చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద భార్య వేలిముద్ర తీసుకుపోయారు. "కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు, రాజీ పడండి" అని చెప్పినవారు మనవాళ్ళే. పెద్ద కొడుకు పదో తరగతి మధ్యలో బడి మాని గ్యారేజీలో చేరాడు. ఆ లారీకి బీమా ఉన్నదని, లక్షలు చెల్లించవలసినది యజమాని కాదు, కంపెనీ అని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పగలిగినవారు చెప్పలేదు.

తెలుసుకోండి: నిర్లక్ష్యంతో మరణం కలిగించిన నేరంలో రాజీ పడే అధికారం చట్టం కుటుంబానికి ఇవ్వలేదు. పాత పీనల్ కోడ్‌లోని 304-ఎ గాని, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106 గాని అట్టివే. అటువంటప్పుడు ఆ స్టాంపు కాగితం ఎవరికి పనికివస్తుంది? రేపు ట్రిబ్యునల్‌లో ఎదుటిపక్షానికి ఆయుధంగా పనికివస్తుంది.

ఇంకొక మాట. లారీవారిని శత్రువులుగా చూడమని మేము అనడం లేదు. పారిపోయే డ్రైవరుకు పదేళ్ళ శిక్ష అన్న నిబంధన మీద 2024 జనవరిలో దేశమంతటా లారీవాళ్ళు సమ్మె చేశారు. మన నగరంలో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన రోజులవి. జనం కొడతారనే భయంతోనే పారిపోతున్నామన్నది వారి వాదన. ఆ నిబంధన అమలును ప్రభుత్వం ఆపి ఉంచింది. బీమా సక్రమంగా పనిచేస్తే డ్రైవరు ఇల్లూ నిలుస్తుంది, బాధితుని ఇల్లూ నిలుస్తుంది.

ఇప్పటి సంగతులు, మనం చేయవలసినవి

2022 ఏప్రిల్ 1 నుంచి చాలా మార్పులు వచ్చాయి. క్లెయిముకు మళ్ళీ ఆరు నెలల గడువు పెట్టారు. 1956లో 60 రోజులున్న గడువు 1969లో ఆరు నెలలై, 1994లో పూర్తిగా పోయి, ఇప్పుడు తిరిగి వచ్చిందన్నమాట. ఈ గడువు మీద వివాదం కోర్టుల దాకా వెళ్ళింది గాని, మనం మాత్రం ఆరు నెలలు దాటనీయరాదు. తప్పుతో సంబంధం లేని పరిహారం మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అయింది. అయితే ఒక మెలిక ఉన్నది: ఈ మొత్తాన్ని ఒప్పుకొని తీసుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన పెద్ద క్లెయిము రద్దవుతుంది. పైన చెప్పిన 30 లక్షల లెక్క గుర్తుంచుకొని సంతకం చేయండి. బండి దొరకని కేసుల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. 2025 మే నుంచి ప్రమాద బాధితునికి ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు నగదు లేకుండా చికిత్స చేసే కేంద్ర పథకం ఉన్నది.

పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో వివరమైన నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలని నియమాలున్నవి. అయినా కుటుంబం తన కాగితాలు తాను చూసుకోవాలి: ఎఫ్.ఐ.ఆర్., ఆసుపత్రి రికార్డు, పోస్టుమార్టం లేక వైకల్య సర్టిఫికెటు, మందుల బిల్లులు, లారీ నంబరు, ఆర్.సి., బీమా పాలసీ వివరాలు.

మన ఇళ్ళలో అదనంగా ఒక చిక్కు ఉన్నది. ఒకే మనిషి పేరు ఆధార్‌లో ఒక విధంగా, రేషన్ కార్డులో ఇంకొక విధంగా, బడి సర్టిఫికెటులో మూడో విధంగా ఉంటుంది. నిఖానామా ఉర్దూలో ఉంటుంది, అది కూడా చాలాసార్లు పెట్టెలో చెదలు పట్టి ఉంటుంది. ట్రిబ్యునల్ ముందు భార్య తాను భార్యనని చూపవలసి వచ్చినప్పుడు ఆ కాగితమే దిక్కు. ఉర్దూ పంతుళ్ళమైన మేము నిఖానామాలు చదివి తెలుగులో వ్రాసిపెట్టే పని ఉచితంగా చేస్తాము. అధికార అనువాదం ఎక్కడ చేయించాలో కూడా చెబుతాము. పేర్ల తేడాలు ఈ రోజే, కష్టం రాకముందే, సరిచేయించుకోండి.

వకీలు ఫీజుకు భయపడవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. జీవిత బీమా సొమ్ము వచ్చిందని పరిహారంలో కోత పెట్టరాదని 1998లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

సంఘం పెద్దలకు మా విన్నపం ఒకటే. జనాజాకు భుజం పట్టడంలో మన బిరాదరీకి ఎవరూ సాటి రారు. ఆ మూడు రోజులలోనే ఇద్దరు చదువుకున్న యువకులను ఆ ఇంటికి పంపి, "ఏ కాగితం మీదా వేలిముద్ర వేయవద్దు, వకీలును కలుద్దాము" అని చెప్పే ఏర్పాటు కూడా చేయాలి. 1855 నుంచి ఒక్కొక్క మెట్టు కట్టుకుంటూ వచ్చిన హక్కు ఇది. ఖైరాత్ కాదు, జకాత్ కాదు, యతీముల సొమ్ము. వారికి అందకుండా పోతే చూస్తూ ఊరుకున్న మనం కూడా జవాబుదారులమే.